ఒక్కో జంతువుకి ఒక్కటే శాంపిల్ ఉన్నప్పుడు ఏయూసీకి కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ ఎలా?

చిట్టెలుక_ల్యాబ్

అందరికీ నమస్కారం. చిట్టెలుకల మీద ఒక ఫార్మకోకైనెటిక్ స్టడీ (రక్తంలో మందు గాఢత సమయంతో ఎలా మారుతుందో చూసేది) ప్లాన్ చేస్తున్నాం. ఒకే మందు, నోటి ద్వారా డోస్, రెండు ఫార్ములేషన్లు (మందు తయారీ రూపాలు): పాతది, కొత్తది. ఒక్కో ఫార్ములేషన్‌కి 15 జంతువులు. టైమ్ పాయింట్లు 0.5, 1, 2, 4, 8 గంటలు, ఒక్కో పాయింట్‌కి మూడు జంతువులు. ప్లాస్మా చాలినంత రావాలంటే గుండె నుంచి తీయాల్సిందే కాబట్టి ఒక్కో జంతువు ఒక్క శాంపిలే ఇస్తుంది.

పాత ఫార్ములేషన్‌తో చేసిన పైలట్‌లో వచ్చిన అంకెలు ఇవి (గాఢత, మైక్రోగ్రామ్/మి.లీ.; ఎస్‌డీ అంటే స్టాండర్డ్ డీవియేషన్, విలువల చెల్లాచెదురు):

0.5 గం: సగటు 40, ఎస్‌డీ 12
1 గం: సగటు 60, ఎస్‌డీ 15
2 గం: సగటు 50, ఎస్‌డీ 14
4 గం: సగటు 25, ఎస్‌డీ 8
8 గం: సగటు 6, ఎస్‌డీ 3

సగటు గీత గీసి ట్రెపిజాయిడ్ పద్ధతిలో (పాయింట్లని సరళరేఖలతో కలిపి ముక్కల వైశాల్యాలు కూడి) ఏయూసీ కట్టడం వచ్చు. ఏయూసీ అంటే గాఢత గీత కింది వైశాల్యం, ఒంటికి మొత్తం ఎంత మందు అందిందో చెప్పేది. కానీ దాని పక్కన 90% కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అంచనా ఎంత అటూఇటూ ఉండొచ్చో చెప్పే హద్దులు) కావాలంటున్నారు. టీమ్‌లో ఒకరు ఇచ్చిన సలహా ఇది: ప్రతి పాయింట్ నుంచి ఒక జంతువుని తీసుకుని ఐదింటినీ కలిపి ఒక ప్రొఫైల్‌గా పేర్చు, అలా మూడు ప్రొఫైళ్లు, మూడు ఏయూసీలు వస్తాయి, మామూలు టీ-టెస్ట్ చేసెయ్ అని. నాకెందుకో మనసొప్పట్లేదు. ఎక్కడ తప్పో మాత్రం తేల్చి చెప్పలేకపోతున్నాను. ఎవరైనా వివరిస్తారా?

---

సగటురేఖ

మీ మనసొప్పకపోవడం సరైనదే. వేర్వేరు జంతువుల నుంచి ఏరి కూర్చిన ప్రొఫైల్ ఏ జంతువుదీ కాదు. 1 గంటకి ఎక్కువ చూపించిన జంతువు 4 గంటలకి కూడా ఎక్కువ చూపిస్తుందా లేదా అన్నది మీ డేటాలో లేనే లేదు. పేర్చే వరసని బట్టి మూడు ఏయూసీల మధ్య తేడా మారిపోతుంది. ఇవాళ ఒక వరసలో పేరిస్తే ఇంటర్వల్ చిన్నది, రేపు ఇంకో వరసలో పేరిస్తే పెద్దది. ఒకే డేటాకి ఇన్ని జవాబులొస్తే ఆ పద్ధతిని వదిలేయడమే మంచిది.

ముందు ఒక విషయం ఖాయం చేసుకుందాం. ఈ డిజైన్‌లో ఒక జంతువు ఏయూసీ అనేది మీకు ఎప్పటికీ దొరకదు. దొరికేది గుంపు సగటు ఏయూసీ ఒక్కటే. అది దొరికితే చాలు, దాని చుట్టూ ఇంటర్వల్ కట్టొచ్చు. 1988లో బెయిలర్ అనే స్టాటిస్టిషియన్ చూపించిన దారి ఇదే, లెక్క కూడా కాగితం మీద అయిపోతుంది.

ట్రెపిజాయిడ్ ఏయూసీని విప్పి చూస్తే అది సగటుల వెయిటెడ్ మొత్తమే. ప్రతి పాయింట్ వెయిట్ అంటే దాని ముందు పాయింట్‌కీ తర్వాతి పాయింట్‌కీ మధ్య ఉన్న సమయంలో సగం. చివరి పాయింట్‌కి మాత్రం దాని ముందు గ్యాప్‌లో సగం. సున్నా గంటకి గాఢత సున్నా అనుకుంటే మీ వెయిట్లు వరసగా 0.5, 0.75, 1.5, 3, 2.

ఏయూసీ = 20 + 45 + 75 + 75 + 12 = 227.

పాయింట్లన్నీ వేర్వేరు జంతువులవి కాబట్టి వేరియన్స్‌లని నేరుగా కూడొచ్చు. ఒక్కోదానికీ వెయిట్ వర్గం × ఎస్‌డీ వర్గం ÷ జంతువుల సంఖ్య. మీ అంకెలతో వరసగా 12, 42.2, 147, 192, 12 వస్తాయి. మొత్తం 405. వర్గమూలం 20.1. అదే మీ స్టాండర్డ్ ఎర్రర్, అంటే ఏయూసీ అంచనాలో ఉన్న అనిశ్చితి.

ఆ ఐదు అంకెల్ని ఒకసారి నిదానంగా చూడండి. అందరి కళ్లూ 1 గంట దగ్గరున్న 15 ఎస్‌డీ మీదే పడతాయి. నిజానికి మొత్తం వేరియన్స్‌లో సగానికి దగ్గరగా, 47%, తెచ్చేది 4 గంటల పాయింట్. అక్కడ ఎస్‌డీ 8 మాత్రమే, కానీ వెయిట్ 3. 2, 4 గంటల పాయింట్లు రెండూ కలిస్తే 84%. 0.5, 8 గంటల పాయింట్లు చెరో 3%. మూడు మూడు జంతువుల చొప్పున సమానంగా పంచడం చూడ్డానికి పద్ధతిగా ఉంటుంది కానీ ఉపయోగం లేదని నా గట్టి అభిప్రాయం.

---

చిట్టెలుక_ల్యాబ్

చాలా థాంక్స్ అండీ. వెయిట్ల వల్ల ఇంత తేడా వస్తుందని ఎక్కడా చదవలేదు. మరి ఇంటర్వల్ కట్టేటప్పుడు 20.1ని 1.645తో గుణించేస్తే సరిపోతుందా?

---

సగటురేఖ

సరిపోదు. మూడేసి జంతువుల నుంచి వచ్చిన ఎస్‌డీలని నార్మల్ టేబుల్‌తో వాడితే ఇంటర్వల్ ఉండాల్సినదానికన్నా ఇరుకవుతుంది. శాటర్త్‌వెయిట్ పద్ధతిలో డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (ఎస్‌డీల అంచనా వెనక నిజంగా ఎంత సమాచారం ఉందో చెప్పే సంఖ్య) లెక్కేసుకుని టీ విలువ వాడాలి. 1990ల్లో నెడల్‌మన్, ఆయన సహచరులు బెయిలర్ పద్ధతికి చేసిన సవరణ ఇదే.

మీ డేటాకి వేసి చూశాను. జంతువులు 15 అయినా డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 5.4 మాత్రమే. టీ విలువ 1.98 దాకా పోతుంది. ఇంటర్వల్ 187 నుంచి 267. 1.645 వాడితే 194 నుంచి 260 అని వచ్చేది.

---

రెండో_కంపార్ట్‌మెంట్

ఇంకో మెట్టు ముందుకెళ్దాం, ఎందుకంటే మీ అసలు ప్రశ్న రెండు ఫార్ములేషన్ల పోలిక.

స్టాండర్డ్ ఎర్రర్‌ని ఏయూసీతో భాగిస్తే 8.9%. లాగ్ స్కేల్‌లో ఒక గుంపుకి ఎర్రర్ దాదాపు 0.089 అనుకోవచ్చు. రెండో గుంపుకీ అంతే ఉంటే నిష్పత్తికి 0.125. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 11కి దగ్గర, టీ విలువ 1.80. అంటే రెండు ఫార్ములేషన్లూ అచ్చంగా ఒకటే అయి, నిష్పత్తి సరిగ్గా 1 వచ్చినా, 90% ఇంటర్వల్ 79.8% నుంచి 125.3% వస్తుంది.

నిష్పత్తి ఇంటర్వల్ 80–125% లోపల ఉండాలన్న హద్దు మనుషుల మీద చేసే బయోఈక్వివలెన్స్‌కి (రెండు ఫార్ములేషన్ల నుంచీ మందు ఒంటికి సమానంగా అందుతోందా అన్న పరీక్షకి) పెట్టింది, మీ స్టడీకి అది తప్పనిసరి కాదు. అయినా ఈ పోలిక చేసి చూడటం మంచిది. ఈ డిజైన్‌తో "రెండూ సమానం" అని చెప్పే అవకాశం మొదటి రోజే దాదాపు లేదు. "పెద్ద తేడా కనపడలేదు" అని మాత్రం చెప్పగలరు. ఈ రెండు మాటలకీ మధ్య చాలా దూరం ఉంది. రిపోర్టుల్లో రెండో మాట మొదటి మాటగా మారిపోవడం చూస్తుంటే నిజంగా బాధగా ఉంటుంది.

ఇప్పుడు జంతువుల సంఖ్య పెంచకుండా పంపకం మార్చి చూడండి. 0.5 గంట నుంచి ఒకటి, 8 గంటల నుంచి ఒకటి తీసి 4 గంటలకి ఇవ్వండి. 2, 3, 3, 5, 2. మొత్తం అవే 15. వేరియన్స్ 405 నుంచి 340కి దిగుతుంది, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 5.4 నుంచి 7.4కి పెరుగుతుంది. నిష్పత్తి 1 అయితే ఇంటర్వల్ 81.7% నుంచి 122.3%. ఒక్క జంతువు కూడా అదనంగా ప్రాణం పోగొట్టుకోలేదు.

---

కొత్తబ్యాచ్

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి, నేను ఎం.ఫార్మ్ చదువుతున్నాను. ఇంత లెక్క ఎందుకు? బూట్‌స్ట్రాప్ చేస్తే అయిపోదా? డేటాలోంచి మళ్లీ మళ్లీ లాగి ఏయూసీ కట్టుకుంటూ పోతే చాలు కదా.

---

సగటురేఖ

చేయొచ్చమ్మా, మంచి పద్ధతే. కానీ ప్రతి టైమ్ పాయింట్‌లో విడిగా లాగాలి, మొత్తం 15 జంతువులని ఒక సంచిలో వేసి కాదు. పైగా మూడే జంతువులున్న పాయింట్‌లో లాగడానికి ఉన్న కలయికలు పదే. అంత కొద్దిదాంట్లోంచి ఎన్ని వేలసార్లు లాగినా కొత్త సమాచారం పుట్టదు, వేరియన్స్ తక్కువగా కనపడుతుంది. చిన్న గుంపులకి మామూలు పర్సెంటైల్ బూట్‌స్ట్రాప్ కన్నా బూట్‌స్ట్రాప్-టీ నయం. ఆర్ భాషలో పీకే అనే ప్యాకేజీలో ఇవన్నీ ఉన్నాయి, ఈ రకం డిజైన్ల కోసమే రాసింది అది.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఒకే జంతువు రెండు శాంపిళ్లు ఇచ్చిందనుకో, అప్పుడు లాగాల్సింది జంతువుని, శాంపిల్‌ని కాదు. ఆ రెండు శాంపిళ్లూ కలిసే రావాలి. ఫార్ములా వాడినా అంతే, ఆ రెండు పాయింట్ల మధ్య కోవేరియన్స్ (రెండు విలువలూ కలిసి పెరిగే తగ్గే తీరు) కూడా కలపాలి.

---

ప్లాస్మా_పద్మ

బయోఅనాలిసిస్ వైపు నుంచి ఒక మాట చెప్పాలి. లెక్కల మీద ఇంత శ్రద్ధ పెడుతున్నారు, సంతోషం. కానీ "ఒక్కో జంతువు ఒక్క శాంపిలే ఇస్తుంది" అన్న మొదటి వాక్యాన్నే ఎవరూ ప్రశ్నించలేదు.

25 గ్రాముల చిట్టెలుకలో రక్తం కిలోకి 72 మి.లీ. లెక్కన 1.8 మి.లీ. ఉంటుంది. అందులో 10% అంటే 180 మైక్రోలీటర్లు. గుండె నుంచి తీసేది పరీక్షకి అర మి.లీ. అడుగుతున్నారు కాబట్టే. ఇప్పుడున్న ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ పరికరాలకి (రక్తంలో మందుని అతి కొద్ది పరిమాణంలోనూ కొలిచేవి) 10–20 మైక్రోలీటర్ల ప్లాస్మా చాలాసార్లు సరిపోతుంది. తోక నుంచి 30–40 మైక్రోలీటర్లు తీస్తే ఒకే జంతువు మూడు నాలుగు పాయింట్లు ఇవ్వగలదు. టాక్సికోకైనెటిక్స్ (విషప్రభావ స్టడీల్లో మందు గాఢత కొలవడం) కోసం ఐసీహెచ్ అనే అంతర్జాతీయ మండలి ఇచ్చిన ఎస్3ఏ మార్గదర్శకానికి 2017లో ప్రశ్నోత్తరాలు జతచేశారు. 50 మైక్రోలీటర్లు, అంతకన్నా తక్కువ తీసే మైక్రోశాంప్లింగ్‌ని అందులో స్పష్టంగా ఒప్పుకున్నారు. శాటిలైట్ గుంపుల (గాఢత కొలవడానికే విడిగా పెట్టే) జంతువులు తగ్గుతాయి, కొన్నిసార్లు అసలు అవసరమే ఉండదు.

అయితే ముందుగా చూసుకోవాల్సినవి ఉన్నాయి. తోక నుంచి తీసిన రక్తంలోనూ గుండె నుంచి తీసిన రక్తంలోనూ మందు గాఢత ఎప్పుడూ ఒకేలా ఉండదు, ముఖ్యంగా మందు ఇంకా ఒంట్లో పాకుతున్న మొదటి గంటలో. కాబట్టి స్టడీ మొత్తం ఒకే చోటు నుంచి తీయాలి. ఎండిన రక్తపు చుక్కల పద్ధతికి వెళ్తే హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) సమస్య వస్తుంది. రక్తం చిక్కగా ఉంటే చుక్క కాగితం మీద తక్కువ పరుచుకుంటుంది, అదే సైజు ముక్క కత్తిరిస్తే అందులో రక్తం ఎక్కువ ఉంటుంది. కొలిచిన పరిమాణాన్ని పీల్చుకునే మొనలున్న పరికరాలు దీన్ని చాలావరకు తగ్గిస్తాయి. కానీ మొన నుంచి మందు పూర్తిగా బయటికి వస్తోందో లేదో వాలిడేషన్‌లో వేర్వేరు హిమటోక్రిట్‌ల దగ్గర చూడాల్సిందే.

ఇంకోటి, 8 గంటల దగ్గర మీ సగటు 6, ఎస్‌డీ 3. శాంపిల్ పరిమాణం తగ్గితే పరీక్ష కనిష్ఠ పరిమితి (నమ్మకంగా కొలవగల అతి తక్కువ గాఢత) పైకి జరుగుతుంది. అప్పుడు ఆ పాయింట్‌లో కొన్ని విలువలు పరిమితి కింద పడతాయి. వాటిని సున్నాగా తీసుకుంటారా, వేరేలా చూస్తారా అన్నది డేటా రాకముందే రాసిపెట్టుకోండి.

---

రెండో_కంపార్ట్‌మెంట్

పద్మ గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. దానికి ఒక లెక్క జోడిస్తాను. శాంపిళ్ల సంఖ్య స్థిరం అనుకుంటే, సగటు ఏయూసీకి వేర్వేరు జంతువుల నుంచి తీసినవే ఎక్కువ సమాచారం ఇస్తాయి, ఎందుకంటే ఒకే జంతువు శాంపిళ్లు సాధారణంగా ఒకే దిక్కుకి వాలతాయి. జంతువుల సంఖ్య స్థిరం అనుకుంటే ఒక్కోదాని నుంచి ఎక్కువ శాంపిళ్లు తీయడమే మేలు. మనం పొదుపు చేయాల్సింది జంతువులని కాబట్టి మైక్రోశాంప్లింగ్‌దే పైచేయి.

---

డోస్_డైరీ

నాది మనుషుల మీద చేసే బయోఈక్వివలెన్స్ పని. ఇక్కడి లెక్కలు చూశాక చాలాకాలంగా ఉన్న ప్రశ్న అడగాలనిపించింది. మా స్టడీల్లో ఒక్కో వాలంటీర్ నుంచి ఒక్కో పీరియడ్‌లో 18 శాంపిళ్లు, 5 మి.లీ. చొప్పున తీస్తాం. రెండు పీరియడ్లకి 180 మి.లీ. మొదటి గంటల్లో క్యాన్యులా ఉంటుంది, తర్వాత ప్రతిసారీ సూది. దీన్ని ఎనిమిది తొమ్మిదికి దించలేమా? క్రాస్ఓవర్‌లో (ఒకే మనిషికి రెండు మందులూ వేర్వేరు పీరియడ్లలో ఇచ్చే డిజైన్‌లో) రెండు మందులకీ అవే సమయాలు, అదే మనిషి. ఏయూసీ కొంచెం తప్పు వచ్చినా రెండు వైపులా ఒకేలా తప్పు వస్తుంది, నిష్పత్తిలో కొట్టుకుపోతుంది కదా?

---

సగటురేఖ

ఏయూసీకి మీ వాదనలో చాలా పస ఉంది. మీ పక్షాన్నే ముందు అంకెలతో చూపిస్తాను.

హాఫ్ లైఫ్ (గాఢత సగానికి దిగే సమయం) 6 గంటలున్న మందు తగ్గుతున్న దశలో ఉంది, గాఢత 100 దగ్గరుంది అనుకోండి. 6 గంటల గ్యాప్ ఇచ్చి సరళరేఖ ట్రెపిజాయిడ్ వాడితే ఆ ముక్క ఏయూసీ నిజానికన్నా 4% ఎక్కువ వస్తుంది. 12 గంటల గ్యాప్ ఇస్తే 15.5%. 18 గంటలిస్తే 34%. దిగే దశకి లాగ్ ట్రెపిజాయిడ్ (గాఢత లాగ్ స్కేల్‌లో సరళరేఖగా దిగుతుందనుకునేది) వాడితే ఈ తప్పు దాదాపు పోతుంది. వాడకపోయినా, మందు శరీరం నుంచి పోయే తీరు రెండు ఫార్ములేషన్లకీ ఒకటే కాబట్టి నిష్పత్తిలో చాలావరకు కొట్టుకుపోతుంది. ఒప్పుకుంటాను.

సీమ్యాక్స్ (గాఢత శిఖరం) దగ్గర మాత్రం ఈ వాదన నిలవదు. అదే 6 గంటల హాఫ్ లైఫ్, శోషణ రేటు టెస్ట్‌కి (పరీక్షించే మందుకి) గంటకి 2, రిఫరెన్స్‌కి (పోల్చే మందుకి) గంటకి 1, మిగతావన్నీ సమానం అనుకుందాం. టెస్ట్ శిఖరం 1.5 గంటల దగ్గర, రిఫరెన్స్ శిఖరం 2.4 గంటల దగ్గర వస్తుంది. అసలు సీమ్యాక్స్ నిష్పత్తి 1.11. ఇప్పుడు శాంపిళ్లు 0.5, 3, 6 గంటలకే తీశామనుకోండి. రెండింటికీ పెద్ద విలువ 3 గంటల దగ్గరే దొరుకుతుంది, నిష్పత్తి 1.01. ఉన్న తేడా మాయం. అదే 1, 4, 8 గంటలకి తీస్తే టెస్ట్‌కి 1 గంటది, రిఫరెన్స్‌కి 4 గంటలది దొరికి నిష్పత్తి 1.16. ఉన్న తేడా ఇంకా పెద్దదిగా కనపడింది. మందులు మారలేదు, మనుషులు మారలేదు, గడియారం మాత్రమే మారింది.

మనం కొలిచే సీమ్యాక్స్ నిజమైన శిఖరం కన్నా ఎప్పుడూ తక్కువే ఉంటుంది. ఎంత తక్కువ అన్నది ఫార్ములేషన్‌ని బట్టి మారుతుంది. అందుకే అది కొట్టుకుపోదు.

---

డోస్_డైరీ

ఈ ఉదాహరణ నాకు బాగా పట్టింది. అంటే శిఖరం చుట్టూ దట్టంగా ఉంచి చివర్లో పలచన చేయొచ్చంటారా?

---

సగటురేఖ

కొంతవరకే. నియంత్రణ సంస్థలు చివరి భాగాన్నీ ఊరికే వదలవు. వెంటనే విడుదలయ్యే మందులకి 2024లో ఖరారైన ఐసీహెచ్ ఎం13ఏ ప్రకారమైనా, అంతకుముందు నుంచీ ఉన్న యూరప్ నియమాల ప్రకారమైనా, చివరి కొలిచిన పాయింట్ దాకా ఉన్న ఏయూసీ మొత్తం ఏయూసీలో కనీసం 80% ఉండాలి. చివరి దశ వాలు నమ్మకంగా రావాలంటే ఆ దశలో మూడు నాలుగు శాంపిళ్లు కావాలి. మొదటి శాంపిలే సీమ్యాక్స్ అయ్యే పరిస్థితి రాకూడదు. అమెరికా ఎఫ్‌డీఏ మార్గదర్శకాల్లో ఒక్కో డోస్‌కి 12 నుంచి 18 శాంపిళ్లని ఉంటుంది.

ఊరట ఏమిటంటే, హాఫ్ లైఫ్ బాగా ఎక్కువున్న మందులకి 72 గంటల దగ్గర ఆపేయొచ్చు. శోషణ అప్పటికి అయిపోయి ఉంటుంది, ఆ తర్వాత కనపడేది మందు శరీరం నుంచి పోయే తీరే కానీ ఫార్ములేషన్ కాదు.

18ని 13 చేయడానికి దారి ఉంది. ముందు స్టడీల్లోని టీమ్యాక్స్ (శిఖరం వచ్చే సమయం) ఎంత చెల్లాచెదురుగా ఉందో చూసి, ఒకదానికొకటి ఏమీ కలపని పాయింట్లు తీసేయండి. ఎనిమిదికి దించితే మాత్రం ఒక్కో మనిషి సీమ్యాక్స్‌లో అదనపు చెల్లాచెదురు వస్తుంది, దాన్ని పూడ్చడానికి ఎక్కువ మంది వాలంటీర్లని తేవాల్సి వస్తుంది. అప్పుడు తక్కువ సూదులు ఎక్కువ మందికి గుచ్చినట్టవుతుంది.

---

కంటిచుక్క

మనుషుల మీదే ఒక్కొక్కరికి ఒక్క శాంపిల్‌తో బయోఈక్వివలెన్స్ నడిచే చోటు ఒకటుంది. కంటి చుక్కల మందులు.

స్టెరాయిడ్ సస్పెన్షన్ చుక్కలు తీసుకోండి. మందు పనిచేసేది కంటి లోపల, రక్తంలో గాఢత మనకి ఆ సంగతి చెప్పదు. కంటి ముందు గదిలోని ఆక్వియస్ హ్యూమర్‌లో కొలవాలి. దాన్ని ఆరోగ్యంగా ఉన్న మనిషి కంట్లోంచి తీయలేం. శుక్లాల ఆపరేషన్‌కి వచ్చినవాళ్లకి ముందుగా నిర్ణయించిన సమయంలో చుక్క వేసి, ఆపరేషన్ మొదట్లో కొద్దిగా ద్రవం తీస్తారు. ఒక కంటికి ఒక్క శాంపిల్, ఒక్క టైమ్ పాయింట్. అమెరికా ఎఫ్‌డీఏ ఇలాంటి కొన్ని మందులకి ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ డిజైన్‌ని ఒప్పుకుంటుంది. సగటు ఏయూసీ నిష్పత్తికీ, సగటు గీతలోని శిఖరం నిష్పత్తికీ బూట్‌స్ట్రాప్ లేదా పారామెట్రిక్ పద్ధతిలో 90% ఇంటర్వల్ కడతారు. హద్దు అదే 80–125.

ఇక్కడ ధర ఏమిటంటే, క్రాస్ఓవర్‌లో మనిషికీ మనిషికీ ఉన్న తేడా కొట్టుకుపోతుంది కదా, ఆ సౌకర్యం ఇందులో పోతుంది. మొత్తం తేడా అంతా ఇంటర్వల్‌లోకి వచ్చేస్తుంది. అందుకే ఇలాంటి స్టడీలకి రోగులు వందల్లో కావాలి. రెండు కళ్లకీ ఆపరేషన్ అవసరమైనవాళ్లుంటే ఒక కంటికి టెస్ట్, ఇంకో కంటికి రిఫరెన్స్, ఒకే టైమ్ పాయింట్‌లో ఇచ్చి క్రాస్ఓవర్‌లా నడపొచ్చు. అప్పుడు బూట్‌స్ట్రాప్‌లో లాగాల్సింది రోగిని, రెండు కళ్లూ కలిపి. పైన కొత్తబ్యాచ్‌కి చెప్పింది ఇక్కడా వర్తిస్తుంది.

---

జనాభా_మోడల్

ఇంతసేపూ అందరూ ట్రెపిజాయిడ్ చుట్టూనే తిరుగుతున్నారు. పలచని డేటాకి ఇంకో ఇల్లు ఉంది, పాపులేషన్ ఫార్మకోకైనెటిక్స్, అంటే అందరి డేటానీ కలిపి ఒకే మోడల్‌లో చూడటం.

నెలలు నిండకుండా పుట్టిన కిలో బరువు పసికందుని తలుచుకోండి. కిలోకి 80–90 మి.లీ. లెక్కన ఒంట్లో ఉన్న మొత్తం రక్తం ఒక చిన్న కప్పు కూడా నిండదు. యూరప్ మార్గదర్శకాల ప్రకారం పరిశోధన కోసం తీసే రక్తం నాలుగు వారాల్లో మొత్తం రక్తంలో 3%, ఒకేసారి 1% దాటకూడదు. అంటే ఒకసారికి 0.8–0.9 మి.లీ., నాలుగు వారాలకి 2.4–2.7 మి.లీ. పన్నెండు శాంపిళ్ల మాటే లేదు. చికిత్స కోసం ఎలాగూ తీస్తున్న రక్తంలోంచి మిగిలింది వాడుకోవాలి.

అలాంటి డేటాతోనే 1985లో గ్రాసెలా, డాన్ అనే ఇద్దరు పసికందుల్లో ఫినోబార్బిటాల్ మీద విశ్లేషణ చేశారు. 59 మంది పిల్లలు, 155 కొలతలు. సగటున ఒక్కొక్కరికి మూడు కూడా లేవు. ఒక్కో బిడ్డ డేటాతో విడిగా గీత గీయడం కష్టం. అందరినీ కలిపి నాన్-లీనియర్ మిక్స్‌డ్ ఎఫెక్ట్స్ మోడల్‌లో (గుంపు సగటునీ మనుషుల మధ్య తేడానీ ఒకేసారి అంచనా వేసేది) పెడితే క్లియరెన్స్ (మందు ఒంట్లోంచి పోయే వేగం), డిస్ట్రిబ్యూషన్ వాల్యూమ్ (మందు ఒంట్లో ఎంతగా పరుచుకుంటుందో చెప్పేది), అవి బరువుతో మారే తీరు, బిడ్డకీ బిడ్డకీ ఉన్న తేడా అన్నీ వచ్చాయి. ఈ ఆలోచనకి పునాది 1970ల్లో షైనర్, ఆయన సహచరులు వేశారు, ఆ తర్వాత బీల్‌తో కలిసి నాన్‌మెమ్ సాఫ్ట్‌వేర్ తెచ్చారు.

శాంపిళ్లు తక్కువైనప్పుడు సమయాల ఎంపికే ప్రాణం. ఒక్క కంపార్ట్‌మెంట్ (ఒంటిని ఒకే గదిలా చూసే మోడల్), ఐవీ బోలస్ (నరంలోకి ఒకేసారి ఇచ్చే డోస్), రెండే శాంపిళ్లు తీసే వీలుంది అనుకోండి. కొలతలో తప్పు ఎప్పుడూ ఒకే పరిమాణంలో ఉంటే, డీ-ఆప్టిమల్ లెక్క (పారామీటర్లు అతి ఖచ్చితంగా వచ్చే సమయాలు వెతికేది) ప్రకారం మొదటిది వీలైనంత త్వరగా, రెండోది దాని తర్వాత 1/కే సమయానికి (కే అంటే మందు పోయే రేటు), అంటే హాఫ్ లైఫ్‌కి 1.44 రెట్లు. తప్పు గాఢతకి అనుపాతంగా ఉంటే రెండోది పరీక్షకి అందినంత ఆలస్యంగా తీయాలి. పరీక్ష తాలూకు ఎర్రర్ స్వభావం మారితే సూది గుచ్చే సమయమే మారిపోతుంది. పద్మ గారి ల్యాబూ నా మోడలూ మొదటి రోజు నుంచే మాట్లాడుకోవాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

---

డోస్_డైరీ

మరి ఇదే మోడల్‌తో బయోఈక్వివలెన్స్ కూడా తేల్చేయొచ్చు కదండీ? ఒక్కొక్కరి నుంచి నాలుగైదు శాంపిళ్లు, మోడల్ ఒక్కో మనిషి ఏయూసీ, సీమ్యాక్స్ ఇస్తుంది, వాటి మీద మామూలు టెస్ట్ చేస్తాం.

---

జనాభా_మోడల్

ఆ చివరి మెట్టు దగ్గరే ఆగాలి సార్. డేటా పలచగా ఉన్నప్పుడు మోడల్ ఇచ్చే ఒక్కో మనిషి అంచనా గుంపు సగటు వైపు ముడుచుకుంటుంది. దీన్నే ష్రింకేజ్ అంటాం. ఒక మనిషి గురించి తనకి తెలిసింది తక్కువైతే మోడల్ అతన్ని సగటు మనిషిలా చూపిస్తుంది. అది 20–30% దాటితే ఆ అంచనాల మీద ఆధారపడిన గ్రాఫులని కూడా నమ్మలేం. ఇక అలా ముడుచుకున్న అంచనాల మీద టీ-టెస్ట్ చేస్తే మనుషుల మధ్య తేడా నిజానికన్నా తక్కువగా కనపడుతుంది, ఇంటర్వల్ ఇరుకవుతుంది, సమానం కానివి సమానంగా తేలే ప్రమాదం పెరుగుతుంది.

సరైన దారి, ఫార్ములేషన్ ప్రభావాన్ని మోడల్ లోపలే ఒక పారామీటర్‌గా పెట్టి, దాని ఇంటర్వల్ చూడటం. అక్కడా ఒక మెలిక ఉంది. చిన్న గుంపుల్లో మోడల్ చెప్పే స్టాండర్డ్ ఎర్రర్ తక్కువగా వస్తుంది, టైప్ 1 ఎర్రర్ (ఇక్కడ, సమానం కానివాటిని సమానమని తేల్చే అవకాశం) 5% దాటుతుందని సిమ్యులేషన్లు చూపించాయి. దానికి సవరణలు వచ్చాయి. కానీ అవి వాడేముందు మీ డిజైన్‌కి, మీ మోడల్‌కి సిమ్యులేషన్ చేసి టైప్ 1 ఎర్రర్ అదుపులో ఉందని చూపించాలి. రోగుల్లోనే చేయాల్సిన స్టడీలకి, కంటి మందుల లాంటివాటికి ఈ శ్రమ తగినదే. ఆరోగ్యవంతుల్లో దట్టంగా శాంపిళ్లు తీసుకునే వీలున్నచోట నేనైతే మోడల్‌ని ముందుకు తోయను. నాకు ఎంతో ఇష్టమైన పనిముట్టే అయినా సరే.

---

రెండో_కంపార్ట్‌మెంట్

ఈ విషయంలో నాది కొంచెం భిన్నాభిప్రాయం. ట్రెపిజాయిడ్‌కి మోడల్ అక్కర్లేదంటారు కానీ, రెండు పాయింట్ల మధ్య సరళరేఖ గీయడం కూడా ఊహే. పాయింట్లు దూరమయ్యేకొద్దీ ఆ ఊహ మీద భారం పెరుగుతుంది. మోడల్‌లో ఊహలు బయటికి రాసి ఉంటాయి, తప్పుపట్టొచ్చు. నా దృష్టిలో అది పెద్ద గుణం.

---

జనాభా_మోడల్

ఆ మాట కాదనలేను. ఎన్ని ఊహలు చేశామో ముందే రాసి, డేటా చూడకముందే మోడల్ ఎంపిక విధానం ఖరారు చేస్తే మన ఇద్దరి మధ్య పేచీ లేదు. డేటా చూశాక నచ్చిన మోడల్ ఏరుకోవడం మీదే నా అభ్యంతరం.

---

చిట్టెలుక_ల్యాబ్

ఇంత సమయం ఇచ్చినందుకు అందరికీ ధన్యవాదాలు. ప్లాన్ ఇలా మార్చాను, చూసి చెప్పండి. పద్మ గారి సలహాతో పరీక్ష పరిమాణం తగ్గుతుందేమో బయోఅనాలిసిస్ వాళ్లని అడిగాను. 20 మైక్రోలీటర్ల ప్లాస్మాతో కనిష్ఠ పరిమితి 1 దగ్గర ఉంటుందన్నారు, 8 గంటల పాయింట్‌కి సరిపోతుంది. కాబట్టి తోక నుంచి 40 మైక్రోలీటర్ల చొప్పున, ఒక్కో జంతువు నుంచి రెండు లేదా మూడు శాంపిళ్లు. ఫార్ములేషన్‌కి 10 జంతువులు. 2, 4 గంటల పాయింట్లు పదింటి నుంచీ, మిగతా మూడు పాయింట్లు తలా మూడు నాలుగింటి నుంచి. కోవేరియన్స్ కలిపిన ఫార్ములాతో నిష్పత్తికి ఇంటర్వల్, దాన్ని సరిచూసుకోవడానికి జంతువుని యూనిట్‌గా పెట్టి బూట్‌స్ట్రాప్. పరిమితి కింద పడినవాటికి నియమం ప్రొటోకాల్‌లో రాశాను. ఇంకేమైనా మర్చిపోయానా?

---

ప్లాస్మా_పద్మ

మూడు సార్లు 40 అంటే 120 మైక్రోలీటర్లు, 180 లోపే ఉంది, బాగుంది. రక్తం తీసిన అసలు సమయాన్ని కూడా నమోదు చేయించండి. 0.5 గంట అని రాసి ఉన్న శాంపిల్ నిజానికి 38వ నిమిషంలో తీసి ఉంటే, గాఢత ఏటవాలుగా ఎక్కుతున్న చోట అది చిన్న విషయం కాదు.

---

సగటురేఖ

ప్లాన్ బాగుంది. ఒకటే మిగిలింది. ఏ జంతువు ఏ పాయింట్లు ఇవ్వాలన్నది చీటీలు వేసి నిర్ణయించండి, పంజరం వరసలో వద్దు. మొదటి పంజరం అంతా 0.5 గంటకి, చివరి పంజరం అంతా 8 గంటలకి పోతే పంజరాల మధ్య తేడా వచ్చి మీ గీత ఆకారంలో కలిసిపోతుంది, తర్వాత ఏ ఫార్ములా దాన్ని విడదీయలేదు. రెండు ఫార్ములేషన్ల డోసింగ్ కూడా ఒకదాని తర్వాత ఒకటిగా కాకుండా కలిపి నడపండి. ఆ కేటాయింపు పట్టికని ప్రొటోకాల్‌కి జతచేస్తే సరి.